తల, మెడ ఆపరేషన్ల భద్రత, సామర్థ్యం: మీ విభాగాన్ని మీరే కొలుచుకునే సమగ్ర మార్గదర్శి

థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత గొంతు నరం (స్వరతంత్రులను కదిలించే నరం) దెబ్బతిన్న కేసులు మీ దగ్గర ఎన్ని అని అడిగితే, చాలామంది సర్జన్లు తడుముకోకుండా ‘ఒకటి రెండు శాతం’ అంటారు. ఆ అంకె రిజిస్టర్‌లోంచి వచ్చిందా, జ్ఞాపకంలోంచి వచ్చిందా అని అడిగితే మాత్రం కాస్త ఆగుతారు. 2008లో స్కాండినేవియా దేశాల్లోని 26 విభాగాలు 3,660 మంది థైరాయిడ్ రోగుల వివరాలతో ఒక ఆడిట్ (ఆపరేషన్ల ఫలితాలను లెక్కతీసి చూసే పరిశీలన) ప్రచురించాయి. ఆపరేషన్ తర్వాత ప్రతి రోగికీ స్వరపేటికను స్కోప్‌తో చూసిన చోట, గొంతు బాగా మారినవారిని మాత్రమే చూసిన చోట కన్నా నరం దెబ్బతిన్న కేసులు రెట్టింపు బయటపడ్డాయి.

ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే మిగతా పనంతా దారిలో పడుతుంది. ‘మా దగ్గర సమస్యలు తక్కువ’ అనే మాటకు రెండు అర్థాలు ఉండొచ్చు. ఆపరేషన్లు నిజంగానే బాగా జరుగుతూ ఉండొచ్చు, లేదా ఎవరూ సరిగా వెతకకపోయి ఉండొచ్చు. కాబట్టి అంకె ఎంత అని అడిగే ముందు, ఎలా వెతికితే ఆ అంకె వచ్చిందో అడగాలి. కింద చెప్పే మెట్లన్నీ విభాగాధిపతికీ, ఆడిట్ బాధ్యత నెత్తిన పడిన పీజీ విద్యార్థికీ, క్వాలిటీ చూసే నర్సుకూ పనికొచ్చేలా రాశాను. రోగులకూ, వారి ఇంటివాళ్ళకూ కావలసినవి చివర్లో ఉన్నాయి.

మొదటి మెట్టు: ఏ ఆపరేషన్‌ను కొలుస్తున్నారో తేల్చుకోండి

‘తల, మెడ ఆపరేషన్లు’ అని అన్నిటినీ కలిపి ఒకే శాతం లెక్కకడితే దానికి అర్థం ఉండదు. టాన్సిల్స్ తీయడం, థైరాయిడ్ తీయడం, చెంప దగ్గరి లాలాజల గ్రంథి తీయడం, నోటి క్యాన్సర్‌కు దవడ తీసి కాలి ఎముకతో కొత్త దవడ కట్టడం, ఇవన్నీ ఒకే విభాగంలో జరగొచ్చు గానీ వాటిలోని ప్రమాదాలకు పోలికే లేదు. మొదటిసారి చేస్తుంటే ఒక్క గుంపును తీసుకోండి. నా సలహా థైరాయిడ్. సంఖ్య ఎక్కువగా ఉంటుంది, సమస్యలు స్పష్టంగా ఉంటాయి, ప్రపంచమంతా కొలిచిన అంకెలు పోల్చుకోవడానికి దొరుకుతాయి.

తర్వాత హారం సంగతి. ఆడిట్లలో తప్పులు ఎక్కువగా దొర్లేది లవంలో కాదు, హారంలో. కేసుల జాబితాను డిశ్చార్జ్ సమ్మరీల నుంచి తీయకండి. ఆపరేషన్ థియేటర్ రిజిస్టర్ నుంచి తీయండి. చనిపోయిన రోగి, సగంలో వేరే ఆసుపత్రికి వెళ్ళిన రోగి, ఫైలు దొరకని రోగి డిశ్చార్జ్ జాబితాలో జారిపోతారు. సరిగ్గా వాళ్ళ గురించే మనం తెలుసుకోవాలి.

గొంతు నరం విషయంలో హారం ఇంకొంచెం జాగ్రత్తగా చూడాలి. థైరాయిడ్‌ను ఒక వైపే తీస్తే ప్రమాదంలో ఉన్న నరం ఒకటి. మొత్తం తీస్తే రెండు. 100 మందికి మొత్తం థైరాయిడ్ తీశారు, నలుగురికి ఒక్కో నరం దెబ్బతింది అనుకుందాం. రోగుల లెక్కన అది 4 శాతం, నరాల లెక్కన 2 శాతం. రెండూ సరైనవే. ఒక విభాగం ఒక లెక్క, పక్క విభాగం మరో లెక్క చెప్పి పోల్చుకుంటేనే తప్పు. ఏ లెక్కన చెబుతున్నారో ప్రతి పట్టిక పైనా రాయండి.

రెండో మెట్టు: నిర్వచనాలు ముందే రాసి పెట్టుకోండి

ఫలితాలు చూశాక నిర్వచనం రాసుకుంటే అది తెలియకుండానే మనకు అనుకూలంగా వంగుతుంది. డేటా తెరవకముందే ఒక పేజీలో ఇవన్నీ రాసి, విభాగంలో అందరి చేతా ఒప్పించండి.

శాశ్వత నష్టం అంటే ఎన్నాళ్ళకు? గొంతు నరానికీ, పారాథైరాయిడ్ గ్రంథులకూ (థైరాయిడ్ వెనకే ఉండి రక్తంలో క్యాల్షియంను అదుపు చేసేవి) కొందరు 6 నెలలు అంటారు, కొందరు 12 నెలలు. ఏదైనా సరే, ఒకటి పట్టుకోండి. క్యాల్షియం తగ్గడం అంటే రక్తపరీక్షలో తగ్గడమా, వేళ్ళు తిమ్మిరెక్కడమా, మాత్రలు ఇవ్వాల్సి రావడమా? ఈ మూడు నిర్వచనాలతో మూడు వేర్వేరు శాతాలు వస్తాయి. క్యాన్సర్ కేసుల్లో గడ్డ చుట్టూ మిగిలిన ఆరోగ్యకరమైన అంచు 5 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే ‘క్లియర్’ అని, అంతకన్నా తక్కువైతే ‘దగ్గర’ అని సాధారణంగా అంటారు. మీ పాథాలజిస్టూ అదే గీత వాడుతున్నారో లేదో అడగండి.

సమస్య ఎంత తీవ్రమైనదో చెప్పడానికి క్లేవియన్-డిండో వర్గీకరణ అందరికీ తెలిసిన కొలబద్ద. 2004లో ఇప్పటి రూపానికి వచ్చింది. సమస్యను సరిచేయడానికి ఏం చేయాల్సి వచ్చింది అన్నదాన్ని బట్టి అది గ్రేడు ఇస్తుంది. ప్రత్యేక చికిత్స అవసరం లేకపోతే ఒకటి, మందులూ రక్తమార్పిడీ అవసరమైతే రెండు, మళ్ళీ ఆపరేషన్ లాంటి జోక్యం కావలసివస్తే మూడు, ఐసీయూ అవసరమైన ప్రాణాపాయం నాలుగు, మరణం ఐదు. పొట్ట ఆపరేషన్లకు ఇది చక్కగా సరిపోతుంది. తల, మెడ దగ్గరికి వచ్చేసరికి ఒక పెద్ద లోపం కనిపిస్తుంది. గొంతు నరం పోయి, జీవితాంతం గుసగుసగా మాట్లాడాల్సిన టీచర్‌కు ఆసుపత్రిలో ఏ చికిత్సా ఇవ్వలేదు కాబట్టి ఆమె సమస్య ఒకటో గ్రేడులో కూర్చుంటుంది. డిశ్చార్జ్ నాటికి మిగిలిన వైకల్యానికి గ్రేడు పక్కన ‘డి’ అక్షరం చేర్చమని ఈ వర్గీకరణలోనే ఉంది. చాలామంది దాన్ని వాడరు. మీరు తప్పకుండా వాడండి. గొంతు, మింగడం, ముఖ కదలిక, భుజం కదలిక, ఈ నాలుగింటికీ విడిగా గడులు కూడా పెట్టండి.

మూడో మెట్టు: అందరినీ ఒకేలా వెతకండి

నా దృష్టిలో మొత్తం పనిలో అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇది. గొంతు బొంగురుపోయిన వాళ్ళకే స్కోప్ వేస్తే లాభం లేదు. ఒక స్వరతంత్రి కదలకపోయినా రెండోది దాన్ని సర్దుకుని గొంతు మామూలుగానే వినిపించొచ్చు. అలాగే గొంతు మారిన ప్రతివారికీ నరం దెబ్బతిననక్కరలేదు, మత్తు కోసం వేసిన గొట్టం వల్ల కూడా గొంతు మారుతుంది. అందుకే థైరాయిడ్ రోగులందరికీ ఆపరేషన్‌కు ముందొకసారి, తర్వాత ఒకసారి స్వరపేటిక చూడాలి. ముందు చూడకపోతే, తర్వాత కనబడిన లోపం ఆపరేషన్ వల్ల వచ్చిందో ముందే ఉందో తేల్చలేరు. వీలైతే ఆపరేషన్ చేసిన సర్జన్ కాకుండా వేరే డాక్టర్ చూడాలి. ఎవరి నిజాయితీ మీదా అనుమానంతో ఈ మాట అనడం లేదు. తన చేతి పనిని తాను చూసేటప్పుడు ఎవరి కన్నైనా కొంచెం మెతకబడుతుంది.

ఎప్పటివరకు వెతుకుతున్నారు అన్నదీ అంతే ముఖ్యం. టాన్సిల్స్ ఆపరేషన్ తర్వాత రక్తస్రావం రెండు రకాలు. మొదటి 24 గంటల్లో వచ్చేది ఒకటి, సాధారణంగా 5 నుంచి 10 రోజుల మధ్య వచ్చేది రెండోది. డిశ్చార్జ్ దాకా మాత్రమే చూసే విభాగానికి రెండో రకం కనబడనే కనబడదు, ఎందుకంటే ఆ రోగి అర్ధరాత్రి తన ఇంటికి దగ్గర్లోని వేరే ఆసుపత్రికి పరిగెడతాడు. ఇంగ్లాండ్, ఉత్తర ఐర్లాండ్‌లలో 2003, 2004 సంవత్సరాల్లో 33,921 మందిని గమనించిన జాతీయ టాన్సిల్ ఆడిట్‌లో రక్తస్రావం 3.5 శాతంగా తేలింది. కరెంటుతో కోసే, కాల్చే పద్ధతుల్లో అది ఎక్కువగానూ, మామూలు పరికరాలతో చేసినప్పుడు తక్కువగానూ ఉంది. ఒక్క సర్జన్ సొంత అనుభవంలో ఈ తేడా ఎప్పటికీ కనిపించదు. అంతమందిని, అన్ని రోజులపాటు వెతికారు కాబట్టే కనిపించింది.

కాబట్టి 30వ రోజున ప్రతి రోగికీ ఫోన్ చేసే పద్ధతి పెట్టండి. అడగాల్సినవి నాలుగే: మళ్ళీ ఏ ఆసుపత్రికైనా వెళ్ళారా, గొంతు ఎలా ఉంది, మింగగలుగుతున్నారా, గాయం మానిందా. ఫోన్ ఎత్తనివాళ్ళను ‘సమస్య లేదు’ గడిలో వేయకండి. వాళ్ళకు ‘తెలియదు’ అనే వేరే గడి ఉండాలి. పెద్ద క్యాన్సర్ ఆపరేషన్లకు 30 రోజులు చాలవు, 90 రోజుల మరణాలు కూడా లెక్కించండి.

నాలుగో మెట్టు: ఊపిరి దారిని విడిగా పరీక్షించండి

ఈ భాగంలో కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. తల, మెడ ఆపరేషన్లలో నిమిషాల్లో ప్రాణం తీసేది ఇదే. బ్రిటన్‌లో మత్తు వైద్యుల సంస్థ ఊపిరి దారికి సంబంధించిన తీవ్ర ప్రమాదాలను ఏడాదిపాటు దేశమంతటా సేకరించి 2011లో ప్రచురించిన నాప్-4 నివేదికలో, మత్తు సమయంలో జరిగిన ప్రమాదాల్లో దాదాపు 40 శాతం తల, మెడ, శ్వాసనాళాల జబ్బులున్న రోగులకే జరిగాయి. ఐసీయూలో జరిగిన మరణాల్లో, మెదడు నష్టాల్లో చాలావాటికి కాప్నోగ్రఫీ వాడకపోవడం ఒక కారణమని కూడా అదే నివేదిక చెప్పింది. ఊపిరిలో వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను చూపే ఆ గీత ఉంటే, గొట్టం ఊపిరితిత్తుల్లో ఉందో లేదో క్షణాల్లో తెలుస్తుంది.

మీ మూల్యాంకనంలో దీన్ని కాగితం మీద చూడొద్దు. వార్డుకు వెళ్ళి చూడండి, అదీ రాత్రిపూట.

థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత మెడలో రక్తం గడ్డకట్టడం దాదాపు నూటికి ఒకరిలో జరుగుతుంది. మొదటి 6 గంటల్లో ఎక్కువ, 24 గంటల లోపు చాలా భాగం. లోపల పేరుకున్న రక్తం ఒత్తిడికి సిరలు నొక్కుకుపోయి స్వరపేటిక వాచిపోతుంది. అందుకే గొట్టం వేయడం కష్టమవుతుంది, కుట్లు విప్పి రక్తం బయటికి తీస్తే తేలికవుతుంది. డ్రెయిన్ (లోపలి రక్తం బయటికి పోయే గొట్టం) ఉంది కదా అనే ధీమా పనికిరాదు, అది గడ్డకట్టిన రక్తంతో మూసుకుపోతుంది. 2022లో బ్రిటన్‌లోని మత్తు, ఎండోక్రైన్ సర్జరీ, ఈఎన్‌టీ సంఘాలు కలిసి ఇచ్చిన మార్గదర్శకాల్లో ‘స్కూప్’ అనే ఐదంచెల పద్ధతి ఉంది: డ్రెస్సింగ్ తీసి మెడ కనిపించేలా చేయడం, కుట్లు కత్తిరించడం, చర్మం తెరవడం, కింది కండరాలు తెరవడం, గాయంలో గాజ్ (పలుచటి శుభ్రమైన గుడ్డ) పెట్టడం. దీన్ని రోగి మంచం దగ్గరే, థియేటర్ కోసం ఆగకుండా చేయాలి.

వార్డులో చూడాల్సినవి ఇవి:

- మంచం పక్కన లేదా చేతికందే దూరంలో కుట్లు విప్పే ట్రే ఉందా? అందులో కత్తెర, గాయం కుట్టిన తీరుకు సరిపోయే పరికరం ఉన్నాయా? స్టేపుల్స్ వేసిన రోగి దగ్గర స్టేపుల్ రిమూవర్ లేకపోతే ట్రే ఉన్నా లేనట్టే.
- డ్యూటీలో ఉన్న నర్సును అడగండి: ఈ రోగికి మింగడం కష్టమై, మనిషి కంగారు పడుతూ, ఊపిరి వేగం పెరిగితే మీరు మొదట ఏం చేస్తారు? ‘సర్జన్‌కు ఫోన్ చేస్తాను’ అనేది సగం జవాబు. సర్జన్ వచ్చేలోపు ఎవరు తెరుస్తారు అన్నదానికీ జవాబు ఉండాలి.
- మెడకు చుట్టూ మందంగా కట్టు కట్టి ఉందా? లోపలి వాపును అది దాచేస్తుంది.

ఊపిరి తీస్తుంటే ఈలలాంటి శబ్దం రావడం, ఆక్సిజన్ శాతం పడిపోవడం ఆఖరి దశ సంకేతాలు. అంతకు ముందే పట్టుకున్నారా లేదా అన్నదే కొలవాల్సిన విషయం. అందుకని రక్తం గడ్డకట్టిన ప్రతి కేసుకూ మూడు సమయాలు రాయండి: మొదటి లక్షణం నర్సు నోట్స్‌లో కనిపించిన సమయం, డాక్టర్ చూసిన సమయం, మెడ తెరిచిన సమయం. ఒక విభాగంలో ఇలాంటివి రెండు శాతం జరిగినా అందరూ క్షేమంగా ఇంటికి వెళ్ళారంటే, ఒక శాతం జరిగి అందులో ఒకరు చనిపోయిన విభాగం కన్నా దాన్నే నేను సురక్షితం అంటాను. సమస్య వచ్చాక రోగిని కాపాడగలగడం కూడా ఒక కొలతే. పెద్ద ఆసుపత్రుల మధ్య మరణాల తేడాకు చాలాసార్లు అసలు కారణం అదే.

ట్రాకియాస్టమీ (ఊపిరి కోసం మెడ ముందు నుంచి శ్వాసనాళంలోకి చేసే రంధ్రం) ఉన్న రోగుల దగ్గర కూడా ఇలాగే తిరగండి. స్వరపేటిక మొత్తం తీసేసిన రోగికి నోటి నుంచి ఊపిరితిత్తులకు దారే లేదు. ఆ సంగతి తెలియని డ్యూటీ డాక్టర్ అత్యవసరంలో నోటికి మాస్క్ పెట్టి ఆక్సిజన్ ఇస్తాడు. అందుకే మంచం తల దగ్గర, ఏ రకం రంధ్రమో బొమ్మతో చెప్పే బోర్డు ఉండాలి. స్పేర్ ట్యూబులు అదే సైజువి ఒకటి, చిన్న సైజువి ఒకటి ఉన్నాయా, సక్షన్ ఆన్ చేస్తే నిజంగా పనిచేస్తోందా అని చేత్తో పట్టుకుని చూడండి.

థియేటర్‌లో మంటల ప్రమాదం ఇంకొకటి. ఆక్సిజన్, స్పిరిట్ ఆవిరి, కరెంటు కత్తి ముఖం దగ్గర ఒకే చోట చేరే ఆపరేషన్లు ఇవే. మెలకువగా ఉన్న రోగికి ముఖం మీద చేసే పనుల్లో ఆక్సిజన్‌ను 30 శాతం లోపు ఉంచుతున్నారా, ట్రాకియాను (శ్వాసనాళాన్ని) కరెంటు కత్తితో కాకుండా మామూలు కత్తితో తెరుస్తున్నారా, తెరిచే ముందు మత్తు డాక్టర్‌కు గట్టిగా చెబుతున్నారా అని నేరుగా గమనించి రాయండి.

ఐదో మెట్టు: చెక్‌లిస్టును కాదు, దాన్ని చదివే తీరును చూడండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన 19 అంశాల సర్జికల్ సేఫ్టీ చెక్‌లిస్టు మీకు తెలిసిందే: మత్తుకు ముందు, కోతకు ముందు, రోగి థియేటర్ దాటే ముందు. 2009లో ఎనిమిది నగరాల్లోని ఎనిమిది ఆసుపత్రుల అధ్యయనంలో మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి, సమస్యలు 11 శాతం నుంచి 7 శాతానికి తగ్గాయి. ఐదేళ్ళ తర్వాత కెనడాలోని ఒంటారియోలో 101 ఆసుపత్రులలో అదే చెక్‌లిస్టును తప్పనిసరి చేసి చూస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాగితం రెండు చోట్లా ఒకటే. గది ఆగి వినకుండా టిక్కులు కొడితే ఏమీ మారదని నేను దీన్నుంచి గ్రహించేది.

కాబట్టి ‘చెక్‌లిస్టు పూర్తి చేసినవి 100 శాతం’ అనే లెక్కను పక్కన పెట్టండి. పది ఆపరేషన్లలో మూలన నిలబడి చూడండి. కోతకు ముందు సంగీతం, మాటలు ఆగాయా? ఎడమా కుడా అని స్కాన్ తెర మీద అందరూ చూశారా? గొట్టం వేయడం కుదరకపోతే మెడ ముందు నుంచి దారి చేయడానికి ఎవరు సిద్ధంగా ఉన్నారో పేరుతో చెప్పారా? నరం మానిటర్ (నరం పనిచేస్తోందో సిగ్నల్‌తో చూపే యంత్రం) వాడుతుంటే అది మొదట్లోనే పనిచేస్తోందని చూశారా? ఒక వైపు చేసేసరికి సిగ్నల్ పోతే రెండో వైపు అదే రోజు చేయకుండా ఆగుతాం అని ముందే మాట్లాడుకున్నారా? రెండు నరాలూ పోతే రోగికి ట్రాకియాస్టమీ తప్పకపోవచ్చు, కాబట్టి ఈ ఆఖరి ప్రశ్నకు జవాబు ఆపరేషన్ మధ్యలో వెతుక్కునేది కాదు.

ఆరో మెట్టు: క్యాన్సర్ ఆపరేషన్లలో అదనంగా కొలవాల్సినవి

క్యాన్సర్‌లో రోగి క్షేమంగా ఇంటికి వెళ్ళినంత మాత్రాన ఆపరేషన్ బాగా జరిగిందని చెప్పలేం. మూడు అంకెలు తప్పకుండా తీయండి.

మొదటిది, అంచుల్లో క్యాన్సర్ మిగిలిన కేసుల శాతం, గడ్డ దశను బట్టి విడివిడిగా. రెండోది, మెడలోంచి తీసిన లింఫు గ్రంథుల సంఖ్య. 18 లేదా అంతకన్నా ఎక్కువ దొరకడాన్ని నాణ్యతకు గుర్తుగా చాలా అధ్యయనాలు తీసుకున్నాయి. తక్కువ వస్తే వెంటనే సర్జన్‌ను నిలదీయకండి. పాథాలజీ గదిలో ఆ ముక్కను ఎంత ఓపికగా వెతికారు అన్నదాని మీద కూడా ఆ సంఖ్య ఆధారపడుతుంది. ఇద్దరినీ ఒకే టేబుల్ దగ్గర కూర్చోబెట్టి మాట్లాడాలి.

మూడోది ఆపరేషన్ రోజు నుంచి రేడియేషన్ మొదలయ్యే రోజు వరకు పట్టిన కాలం. రేడియేషన్ అవసరమైనవారికి అది 6 వారాల్లోపు మొదలవ్వాలి. నన్నడిగితే విభాగం మొత్తం పనితీరును చూపించే అంకె ఇదొక్కటే. గాయం మానకపోయినా, పాథాలజీ రిపోర్టు ఆలస్యమైనా, పళ్ళ డాక్టర్ దగ్గర నెల పోయినా, రోగికి ఎవరూ సరిగా చెప్పకపోయినా అన్నీ ఇక్కడికే వచ్చి చేరతాయి. ఆ కాలాన్ని ముక్కలు చేసి చూడండి: రిపోర్టు ఎన్ని రోజులు, రేడియేషన్ డాక్టర్‌ను చూడటానికి ఎన్ని రోజులు, రేడియేషన్ వేళ తల కదలకుండా పెట్టే మాస్క్ తయారీకి ఎన్ని రోజులు. పళ్ళ పరీక్ష ఆపరేషన్‌కు ముందే పూర్తిచేసి, తీయాల్సిన పళ్ళు ఆ మత్తులోనే తీసేస్తే ఎన్నో రోజులు కలిసొస్తాయి.

ఫ్లాప్ (తీసేసిన చోట అతికించడానికి ఒంట్లో వేరే చోటి నుంచి రక్తనాళాలతో సహా తెచ్చిన కణజాలం) పెట్టిన కేసుల్లో విజయశాతం 95 దాటడం ఇప్పుడు మంచి కేంద్రాల్లో మామూలే. దాంతో పాటు, రక్తప్రసారం ఆగినప్పుడు ఎన్ని ఫ్లాపులను మళ్ళీ కాపాడగలిగారో చూడండి. గడ్డకట్టడం ఎక్కువగా మొదటి 2, 3 రోజుల్లోనే జరుగుతుంది. మొదటి రోజు గంటకోసారి ఫ్లాప్ చూసినట్టు చార్టులో ఉందా? నీలంగా మారి, నొక్కి వదిలితే రంగు మరీ త్వరగా తిరిగి వస్తే సిర మూసుకుంది, పాలిపోయి చల్లబడితే ధమని మూసుకుంది అన్న తేడా రాత్రి నర్సుకు నేర్పారా?

ఏడో మెట్టు: చిన్న సంఖ్యలను చూసి మోసపోవద్దు

ఒక సర్జన్ 50 ఆపరేషన్లు చేశాడు, ఒక్క నరమూ దెబ్బతినలేదు. అయితే అతని ప్రమాదశాతం సున్నా అనొచ్చా? అనకూడదు. ఒక సులువైన సూత్రం ఉంది: సమస్య ఒక్కటీ రాకపోతే, 3ను కేసుల సంఖ్యతో భాగించండి. 3ను 50తో భాగిస్తే 6 శాతం. అంటే అతని నిజమైన శాతం సున్నా నుంచి 6 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. ఇలాంటి అంకెలతో ఒకరిని మెచ్చుకోవడమూ, ఇంకొకరిని తప్పుపట్టడమూ అన్యాయం. రెండు మూడేళ్ళ కేసులు కలపండి, లేదా వరుసగా ఒక్కో కేసునూ గీత మీద పెట్టుకుంటూ పోయే కుసుమ్ చార్టు వాడండి. కొత్తగా నేర్చుకుంటున్న సర్జన్‌కు, కొత్త యంత్రం వాడటం మొదలుపెట్టిన విభాగానికి అది బాగా పనికొస్తుంది. సమస్యలు పెరిగి గీత పైకి వంగడం మొదలవగానే తెలుస్తుంది, ఏడాది చివరి దాకా ఆగనక్కరలేదు.

రోగులు ఎంత కష్టమైనవాళ్ళో కూడా లెక్కలోకి రావాలి. రేడియేషన్ అయ్యాక స్వరపేటిక తీస్తే, లాలాజలం గాయంలోంచి కారే ప్రమాదం మొదటిసారే తీసినదానికన్నా రమారమి రెట్టింపు. అందరూ వద్దన్న కేసులను చేసే సర్జన్‌ను తేలిక కేసులు ఎంచుకునే సర్జన్‌తో పోల్చి శిక్షించారంటే, మరుసటి ఏడాది నుంచి ఆ రోగులను ముట్టుకునేవారు ఉండరు. అందువల్ల కనీసం వయసు, మత్తు వైద్యుల ఏఎస్ఏ గ్రేడు (ఆపరేషన్‌కు ముందు రోగి ఒంటి ఆరోగ్యం ఎలా ఉందో చెప్పేది), జబ్బు దశ, అంతకుముందు రేడియేషన్ లేదా ఆపరేషన్ జరిగిందా, ఇవైనా ప్రతి కేసు పక్కన రాయండి.

చేసే సంఖ్య కూడా తేడా తెస్తుంది. అమెరికాలో 16,954 మంది మొత్తం థైరాయిడ్ ఆపరేషన్లను పరిశీలించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడాదికి 25కు పైగా చేసే సర్జన్ల చేతిలో సమస్యలు తక్కువగా ఉన్నాయి. ఈ 25ను గోడలా కట్టక్కరలేదు. విభాగంలో ఆరుగురు తలా ఎనిమిది చేస్తున్నారంటే, ఇద్దరికి అప్పగించడం మేలేమో అని మాట్లాడుకోవడానికి అదొక మంచి కారణం.

ఎనిమిదో మెట్టు: ఇప్పుడు సామర్థ్యం

సామర్థ్యాన్ని ఇంత కిందికి తెచ్చింది కావాలనే. భద్రత కొలవని చోట వేగాన్ని కొలిస్తే, అందరూ వేగాన్నే పెంచుతారు.

థియేటర్ సమయంలో చూడాల్సినవి మూడు: మొదటి కేసు అనుకున్న సమయానికి మొదలైందా, ఒక రోగి బయటికి వెళ్ళి ఇంకొకరు లోపలికి రావడానికి ఎంత పట్టింది, ఆ రోజే రద్దైన కేసులు ఎన్ని, ఎందుకు. సగటు వాడకండి, మధ్యస్థం (అంకెలను వరుసగా పెడితే సరిగ్గా నడుమ వచ్చేది) వాడండి. 10 గంటలు పట్టిన ఒక్క ఫ్లాప్ కేసు సగటును ఎక్కడికో తీసుకుపోతుంది. రద్దుల కారణాలు రాస్తూ పోతే ముందుగా చేయాల్సిన మత్తు పరీక్ష, దొరకని ఐసీయూ మంచం, ఈ రెండే మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి. ఆ రెంటినీ సరిచేస్తే వచ్చే సమయం, సర్జన్‌ను తొందరపెడితే వచ్చే సమయం కన్నా చాలా ఎక్కువ. పెద్ద కేసుల్లో ఒక బృందం గడ్డ తీస్తుండగా రెండో బృందం ఫ్లాప్ సిద్ధం చేస్తే గంటలు తగ్గుతాయి.

ఆసుపత్రిలో ఉండే రోజుల సంగతికి వస్తే, ఫ్లాప్ అవసరమయ్యే పెద్ద క్యాన్సర్ ఆపరేషన్ల కోసం ఎరాస్ సొసైటీ (ఆపరేషన్ తర్వాత రోగి త్వరగా కోలుకునే పద్ధతుల మీద పనిచేసే సంస్థ) 2017లో ప్రచురించిన మార్గదర్శకాలను జాబితాగా పెట్టుకుని మీ పద్ధతితో సరిచూడండి. ముందే పోషణ చూడటం, త్వరగా ట్యూబ్ ద్వారా ఆహారం మొదలుపెట్టడం, మొదటి 24 గంటల్లోనే లేపి నడిపించడం, నల్లమందు జాతి నొప్పి మందులు తగ్గించడం అందులోవే. యాంటీబయాటిక్‌ల ఆడిట్ తేలికైనది, ఫలితమూ త్వరగా కనిపిస్తుంది. కోతకు ముందు 60 నిమిషాల్లో ఇచ్చారా, నోరు, గొంతు తెరిచిన కేసుల్లో 24 గంటలకు ఆపారా, మామూలు థైరాయిడ్‌కు అసలు అవసరం లేకుండా ఇస్తున్నారా? ‘ఎందుకైనా మంచిదని’ ఐదు రోజులు ఇచ్చే అలవాటు చాలా చోట్ల కనిపిస్తుంది. దానివల్ల ఇన్ఫెక్షన్లు తగ్గవు.

సామర్థ్యానికి సంబంధించిన ప్రతి అంకె పక్కన దాన్ని కాపలా కాసే మరో అంకె పెట్టండి. రోజులు తగ్గించారా, 30 రోజుల్లో తిరిగి చేరినవారు ఎంతమందో చూడండి. థైరాయిడ్ రోగిని అదే రోజు పంపిస్తున్నారా, రాత్రి తిరిగి వచ్చినవారిని లెక్కించండి. ఆపరేషన్ సమయం తగ్గిందా, మళ్ళీ థియేటర్‌కు తీసుకెళ్ళిన కేసులు చూడండి.

తొమ్మిదో మెట్టు: రోగి నోటి మాట

మింగడానికి ఎండీఏడీఐ, గొంతుకు వీహెచ్ఐ-10, క్యాన్సర్ రోగుల జీవన నాణ్యతకు యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ ప్రశ్నావళి లాంటివి ఉన్నాయి. మీ రోగుల భాషలో సరిచూసిన అనువాదం దొరికితే అదే వాడండి, అప్పటికప్పుడు నోటితో తర్జుమా చేసి అడిగితే ఒక్కో నర్సు ఒక్కోలా అడుగుతుంది. ఆపరేషన్‌కు ముందు, 3 నెలలకు, 12 నెలలకు అడిగితే చాలు. సర్జన్ ‘బాగా మానింది’ అని రాసిన చోట, భుజం పైకి లేవక దువ్వుకోలేకపోతున్నానని రోగి రాయడం ఇందులోనే బయటపడుతుంది.

పదో మెట్టు: సమావేశం, మార్పు, మళ్ళీ కొలత

నెలకొకసారి గంటసేపు, సర్జన్లు, మత్తు డాక్టర్లు, నర్సులు, పాథాలజిస్టు అందరూ కూర్చోవాలి. కేసులు పేరు లేకుండా చూపండి. ‘ఎవరు చేశారు’ అని మొదలైన రోజు నుంచి సమస్యలు రిజిస్టర్‌లోకి రావడం ఆగిపోతుంది, మళ్ళీ మొదటికి వస్తారు. ఒక సమావేశంలో ఒక్క మార్పే ఎంచుకోండి, బాధ్యత ఒక మనిషికి ఇవ్వండి, మూడు నెలల తర్వాత అదే నిర్వచనంతో, అదే హారంతో మళ్ళీ కొలవండి. వెతకడం మెరుగుపరిచిన మొదటి ఏడాది సమస్యల శాతం పెరగడం సహజం. ఆ సంగతి యాజమాన్యానికి ముందే రాతపూర్వకంగా చెప్పి ఉంచండి, లేకపోతే నిజం చెప్పిన విభాగానికే చెడ్డపేరు వస్తుంది.

రోగులు, ఇంటివాళ్ళు అడగాల్సినవి

ఇవి అడగడానికి మొహమాటపడక్కరలేదు. ఆపరేషన్లు కొలిచే అలవాటున్న సర్జన్‌కు ఇవి నచ్చుతాయి. గత ఏడాది ఈ ఆపరేషన్ మీరు సుమారు ఎన్ని చేశారు? గొంతు, క్యాల్షియం సమస్యలు మీ సొంత రోగుల్లో ఎంతమందికి వచ్చాయి, అది ఎలా తెలుసుకున్నారు? పుస్తకంలోని శాతం చెబితే, మీ అంకె కావాలని మర్యాదగా మళ్ళీ అడగండి. ఆపరేషన్‌కు ముందూ తర్వాతా నా స్వరతంత్రులను చూస్తారా? క్యాన్సర్ అయితే, నా కేసును రేడియేషన్, కీమో డాక్టర్లతో కలిసి చర్చించారా, రేడియేషన్ అవసరమైతే ఏ వారంలో మొదలవుతుంది? చివరిగా, మొదటి రాత్రి మెడ వాచి ఊపిరాడకపోతే వార్డులో ముందుగా ఎవరు వస్తారు, కుట్లు విప్పడం వాళ్ళకు నేర్పించారా?